చిన్న విమానాలలో రోటరీ ఇంజిన్ల ఇంధన దక్షత: కృష్ణా డెల్టా అవసరాల దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: రోటరీ ఇంజిన్ తేలికైనది, కాని ఇంధనం ఎక్కువగా తాగుతుంది అనే అభిప్రాయం ఇంజనీరింగ్ తరగతి గదుల్లో స్థిరపడిపోయింది. ఆ మాటలో సగం సత్యం ఉంది. విమానం విషయంలో ఇంధన దక్షతను ఒక్క అంకెతో నిర్ణయించలేము. ఇంజిన్ బరువు, దానితో పాటు మోయవలసిన ఇంధనం బరువు, గగనవిహార కాలం అనే మూడింటినీ కలిపి చూడవలసి ఉంటుంది. వాంకెల్ ఇంజిన్‌లో ఇంధనం అధికంగా ఖర్చు కావడానికి గల కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది. తేలికదనం వల్ల కలిగే లాభం ఎన్ని గంటల ప్రయాణం తరువాత హరించుకుపోతుందో ఒక సరళమైన గణనతో చూపుతుంది. ఆ గణనను స్వయంనిర్మిత విమానాలకూ, నిశాంత్, రుస్తుం-1, హెర్మిస్ తరగతి మానవరహిత విమానాలకూ అన్వయించి, చివరగా కృష్ణా డెల్టాలో వరద, తుపాను పరిశీలనకు ఏ తరహా ఇంజిన్ తగినదో చర్చిస్తుంది.

కీలక పదాలు: వాంకెల్ ఇంజిన్, ఇంధన దక్షత, విశిష్ట ఇంధన వినియోగం, స్వయంనిర్మిత విమానం, మానవరహిత విమానం, కృష్ణా డెల్టా, ఇథనాల్ మిశ్రమ పెట్రోలు.

1. ఉపోద్ఘాతం

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్ నగర్ పరిసరాలు నీట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. పడవలు వెళ్ళలేని వీధులకు డ్రోన్ల ద్వారా ఆహార పొట్లాలు, మందులు చేరవేశారు. తరువాతి నెల 22, 23 తేదీలలో అమరావతి డ్రోన్ సదస్సు జరిగింది. పున్నమి ఘాట్ వద్ద కృష్ణా తీరాన వేలాది డ్రోన్ల ప్రదర్శనను ప్రజలు తిలకించారు. ఈ రెండు సందర్భాల్లోనూ ఎగిరినవి ప్రధానంగా బ్యాటరీతో నడిచే బహుళ రెక్కల డ్రోన్లు. అవి సాధారణంగా గాలిలో ఉండగలిగేది అరగంట అటూఇటూ మాత్రమే.

ఒక కాలనీలో ఆహారం అందించడానికి అరగంట చాలవచ్చు. బ్యారేజీ నుంచి సముద్రం దాకా కరకట్టల స్థితిని పరిశీలించడానికి అది ఏ మాత్రమూ చాలదు. గంటల తరబడి గాలిలో నిలవాలంటే నేటికీ ద్రవ ఇంధనమే ఆధారం. ఒక కిలో పెట్రోలులో ఉన్న శక్తితో పోలిస్తే ఒక కిలో లిథియం బ్యాటరీలో నిలవ ఉండే శక్తి అనేక పదుల రెట్లు తక్కువ. పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులకు పైగా వేడిగా పోయినా మిగిలినదే బ్యాటరీని మించిపోతుంది. కనుక ఏ ఇంజిన్ అనే ప్రశ్న తప్పదు. చిన్న విమానాలకు సంబంధించినంతవరకు ఆ ప్రశ్నలో రోటరీ ఇంజిన్ ప్రస్తావన మాటిమాటికీ వస్తూనే ఉంటుంది.

ఇక్కడ పరిభాష గురించి ఒక మాట. మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో 'సామర్థ్యం' అనే పదం పని జరిగే రేటుకు, అంటే పవర్‌కు, రూఢి అయింది. గ్రహించిన శక్తిలో ఉపయోగపడిన భాగాన్ని 'దక్షత' అంటున్నాము. వాడుకలో రెండవ అర్థంలోనూ సామర్థ్యం అనే పదమే వినబడుతున్నది గాని, ఇంజిన్ల చర్చలో ఈ రెండూ పక్కపక్కనే వస్తాయి కనుక ఈ వ్యాసంలో ఆ భేదాన్ని పాటించడమైనది.

2. రోటరీ అనే పేరుతో రెండు యంత్రాలు

విమాన చరిత్రలో రోటరీ ఇంజిన్ అనే పేరు పరస్పర సంబంధం లేని రెండు యంత్రాలకు ఉంది. మొదటిది మొదటి ప్రపంచ యుద్ధ కాలం నాటి నోమ్, ల రోన్ తరహా ఇంజిన్. ఇందులో క్రాంక్ షాఫ్ట్ విమానానికి బిగించి కదలకుండా ఉంటుంది. సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటు గిరగిర తిరుగుతాయి. తిరిగే సిలిండర్లను గాలే చల్లబరుస్తుంది కనుక నీటి వ్యవస్థ అవసరం లేదు. అందువల్ల అది ఆనాటి ఇతర ఇంజిన్లకంటే చాలా తేలిక. అయితే కందెనగా వాడిన ఆముదం ఒకసారి లోనికి వెళ్ళాక తిరిగి రాదు. కాలిన పొగతో పాటు బయటికి పోతుంది. ఇంధనం ఖర్చు కూడా ఎక్కువే. కొద్దిసేపు ఎగిరి పోరాడే చిన్న విమానానికి ఇది సరిపోయింది. దూర ప్రయాణం చేసే విమానాలలో మాత్రం ఇంజిన్ తేలికదనం వల్ల మిగిలిన బరువును ఇంధనమూ ఆముదమూ తినేశాయి. వాటికి నీటితో చల్లబరిచే బరువైన ఇంజిన్లే మేలయ్యాయి.

రెండవది జర్మన్ ఇంజనీరు ఫెలిక్స్ వాంకెల్ పేరుతో ప్రసిద్ధమైన ఇంజిన్. ఎన్.ఎస్.యు. సంస్థలో దీని తొలి నమూనా 1957లో నడిచింది. ఈ వ్యాసంలో ఇకపై రోటరీ అంటే ఈ వాంకెల్ ఇంజినే. యంత్రం పూర్తిగా వేరైనా, తేలికదనానికి ఇంధనంతో మూల్యం చెల్లించడం అనే సమస్య మాత్రం మొదటి రోటరీ నాటిదే. ఆ మూల్యం ఎప్పుడు గిట్టుబాటు అవుతుంది, ఎప్పుడు కాదు అన్నదే ఈ వ్యాసంలోని ప్రధాన విషయం.

3. వాంకెల్ ఇంజిన్ పనిచేసే తీరు

అండాకారంలో ఉండి నడుమ కొద్దిగా నొక్కుకుపోయిన ఒక గది, దానిలో ఉబ్బెత్తు భుజాలు గల త్రికోణాకార రోటర్, ఆ రోటర్‌ను మోసే ఉత్కేంద్ర షాఫ్ట్ ఇందులోని ప్రధాన భాగాలు. రోటర్ మూడు కొనలూ ఎల్లవేళలా గది గోడను ఆనుకొని జరుగుతుంటాయి. అందువల్ల రోటర్ మూడు భుజాలకూ గోడకూ మధ్య మూడు వేర్వేరు గదులు ఏర్పడి, రోటర్ తిరిగే కొద్దీ పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. ప్రతి గదిలోనూ పీల్చడం, నొక్కడం, మండి వ్యాకోచించడం, బయటికి నెట్టడం అనే నాలుగు దశలూ వరుసగా జరుగుతాయి. కవాటాలు లేవు. ముందుకూ వెనుకకూ ఆడే భాగాలు లేవు. రోటర్ తానే రంధ్రాలను తెరుస్తూ మూస్తూ పోతుంది.

రోటర్ ఒక చుట్టు తిరిగేలోగా షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. కనుక షాఫ్ట్ ప్రతి చుట్టుకూ ఒక రోటర్ నుంచి ఒక శక్తి ఘాతం లభిస్తుంది. నాలుగు దశల పిస్టన్ ఇంజిన్‌లో ఒక్కొక్క సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మాత్రమే శక్తినిస్తుంది. ఘనపరిమాణాన్ని పోల్చేటప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే. మాజ్డా 13బి ఇంజిన్‌లో రెండు రోటర్లు, ఒక్కొక్కదానికి 654 ఘనసెంటీమీటర్లు, మొత్తం 1308. అది షాఫ్ట్ చుట్టు ఒక్కింటికి పీల్చుకొనే గాలి సుమారు 2.6 లీటర్ల నాలుగు దశల ఇంజిన్ పీల్చుకొనే గాలితో సమానం. '1.3 లీటర్ల ఇంజిన్ ఇంత ఇంధనం తాగుతుందా?' అనే ఆశ్చర్యంలో సగం ఈ లెక్కతోనే తీరిపోతుంది. మిగిలిన సగానికి మాత్రం నిజమైన కారణాలు ఉన్నాయి.

4. ఇంధనం వృథా అయ్యే మార్గాలు

మొదటిది దహన గది ఆకృతి. పిస్టన్ ఇంజిన్‌లో ఇంధనం మండే సమయానికి గది గుండ్రంగా, పొందికగా ఉంటుంది. వాంకెల్‌లో అది పొడవుగా, పలుచగా, పడవ ఆకారంలో ఉండి, మండుతూనే గోడ వెంట జరుగుతుంటుంది. ఒకే ఘనపరిమాణానికి ఉపరితల వైశాల్యం ఎక్కువ కావడం వల్ల గోడలలోకి పోయే వేడి ఎక్కువ. గది వెనుక కొసలో ఉన్న మిశ్రమానికి మంట సకాలంలో చేరదు. అందుకే ముందొకటి, వెనుకొకటి చొప్పున రెండు స్పార్క్ ప్లగ్‌లు అమరుస్తారు. అయినా ఆ కొసలో కొంత ఇంధనం మండకుండా, లేదా ఆలస్యంగా మండి, పని చేయకుండానే బయటికి పోతుంది. రోటరీ పొగ వేడి అధికంగా ఉండటానికి కారణం ఇదే.

రెండవది సీళ్ళ నుంచి కారడం. పిస్టన్ చుట్టూ ఉండే రింగు వృత్తాకారమైనది. దానిని బిగుతుగా అమర్చడం సులభం. రోటర్‌కు కొనల వద్ద, పక్కల, మూలల వద్ద వేర్వేరు సీళ్ళు కావాలి. ఘనపరిమాణంతో పోలిస్తే ఆ సీళ్ళ మొత్తం పొడవు ఎక్కువ. ప్రతి సంధి దగ్గర కొంత వాయువు పక్క గదిలోకి జారుకుంటుంది.

మూడవది రంధ్రాల అతివ్యాప్తి. గది అంచు గోడలో రంధ్రాలు ఉన్న ఇంజిన్లలో పీల్చే రంధ్రమూ నెట్టే రంధ్రమూ కొంతసేపు ఒకేసారి తెరచి ఉంటాయి. తక్కువ భారం మీద నడిచేటప్పుడు కాలిన వాయువులు కొత్త మిశ్రమంలో కలిసి దహనాన్ని మందగింపజేస్తాయి. 2003లో వచ్చిన మాజ్డా ఆర్‌ఎక్స్-8 కారులో నెట్టే రంధ్రాలను పక్క గోడలకు మార్చి ఈ లోపాన్ని తొలగించారు.

నాలుగవది చిన్నదే అయినా విస్మరించరానిది. కొనల సీళ్ళు అరిగిపోకుండా కొద్ది కొద్దిగా నూనెను గదిలోకి పంపవలసి ఉంటుంది. అది ఇంధనంతో పాటు కాలిపోతుంది.

ఈ నష్టాలన్నిటినీ ఒక అంకెలో చూపేదే విశిష్ట ఇంధన వినియోగం. ఒక కిలోవాట్ సామర్థ్యాన్ని ఒక గంట సేపు అందించడానికి ఎన్ని గ్రాముల ఇంధనం కావాలో అది చెబుతుంది. అంకె తగ్గితే దక్షత పెరిగినట్లు. సామాన్యంగా విమాన ప్రయాణ వేగంలో మంచి నాలుగు దశల పిస్టన్ ఇంజిన్ 260 నుంచి 280 గ్రాముల మధ్య నడుస్తుంది. రోటరీ ఇంజిన్ 300 నుంచి 350 గ్రాముల మధ్య ఉంటుంది. పెట్రోలు కెలోరిఫిక్ విలువను కిలోకు 43.5 మెగాజౌళ్ళుగా తీసుకుంటే, 270 గ్రాముల ఇంజిన్ దక్షత సుమారు 31 శాతం, 340 గ్రాముల ఇంజిన్ దక్షత సుమారు 24 శాతం.

5. నేల మీద ఒక తీరు, గాలిలో మరొక తీరు

రోటరీ ఇంజిన్‌కు ఇంధనం విషయంలో చెడ్డపేరు తెచ్చినవి కార్లు. నగర రహదారిపై కారు తన ఇంజిన్ గరిష్ఠ సామర్థ్యంలో చిన్న భాగాన్నే వాడుకుంటుంది. ఆగుతూ, సాగుతూ, థ్రాటిల్ దాదాపు మూసిన స్థితిలో నడుస్తుంది. పైన చెప్పిన అతివ్యాప్తి, ఉష్ణనష్టం, కారుడు అనే మూడు లోపాలూ అత్యధికంగా బాధించేది ఈ స్థితిలోనే. మొత్తం పని తక్కువగా ఉన్నప్పుడు స్థిరమైన నష్టాల పాలు పెరుగుతుంది.

విమానం అలా నడవదు. ఎగిరిన తరువాత గరిష్ఠ సామర్థ్యంలో 60 నుంచి 75 శాతం దగ్గర ఒకే వేగంతో గంటల తరబడి సాగుతుంది. ఈ స్థితిలో రోటరీకీ పిస్టన్‌కూ మధ్య వ్యత్యాసం గణనీయంగా తగ్గుతుంది. పైగా మిశ్రమాన్ని పలుచన చేసి ఇంధనం ఆదా చేసేటప్పుడు పిస్టన్ ఇంజిన్ పైలట్‌కు నెట్టే కవాటం వేడెక్కి దెబ్బతింటుందేమోనన్న జాగ్రత్త అవసరం. రోటరీలో ఆ కవాటమే లేదు. 2023లో మాజ్డా తన ఎమ్‌ఎక్స్-30 కారులో ఒకే రోటర్ గల 830 ఘనసెంటీమీటర్ల ఇంజిన్‌ను చక్రాలకు కలపకుండా, బ్యాటరీని నింపే జనరేటర్‌గా మాత్రమే ఉపయోగించడం వెనుక ఉన్న తర్కమూ ఇదే. అనుకూలమైన స్థితిలో మాత్రమే నడిపితే రోటరీ లోపాలు తక్కువగా బయటపడతాయి.

వ్యత్యాసం తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. గది ఆకృతి వల్ల కలిగే నష్టం జ్యామితికి సంబంధించినది. నడిపే నేర్పుతో దానిని తొలగించలేము.

6. బరువూ ఇంధనమూ: సమతూక కాలం

కారు ఇంజిన్ 20 కిలోలు తగ్గితే ప్రయాణంలో తెలియదు. విమానంలో ప్రతి కిలోను రెక్కలు మోయాలి. అందువల్ల పోల్చవలసినది ఇంజిన్ ఒక్కదాని బరువును కాదు, ఇంధనం ఒక్కదాని ఖర్చునూ కాదు. నిర్ణీత కాలం ఎగరడానికి నేల విడిచే క్షణాన ఈ రెండూ కలిసి ఎంత తూగుతాయన్నదే అసలు ప్రశ్న.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ప్రయాణ సమయంలో 20 కిలోవాట్లు కావలసిన మానవరహిత విమానం ఉన్నదనుకుందాం. అన్ని అనుబంధాలతో కలిపి రోటరీ 40 కిలోలు, పిస్టన్ ఇంజిన్ 60 కిలోలు అనుకుందాం. విశిష్ట ఇంధన వినియోగం రోటరీకి 340, పిస్టన్‌కు 270 గ్రాములు. అప్పుడు గంటకు రోటరీ 6.8 కిలోలు, పిస్టన్ 5.4 కిలోలు ఖర్చు చేస్తాయి. తేడా 1.4 కిలోలు.

4 గంటల ప్రయాణానికి: రోటరీ 67.2 కిలోలు, పిస్టన్ 81.6 కిలోలు.
14 గంటల ప్రయాణానికి: రోటరీ 135.2 కిలోలు, పిస్టన్ 135.6 కిలోలు.
30 గంటల ప్రయాణానికి: రోటరీ 244 కిలోలు, పిస్టన్ 222 కిలోలు.

ఇంజిన్ల బరువులోని తేడాను గంటకయ్యే ఇంధనంలోని తేడాతో భాగిస్తే వచ్చే కాలాన్ని 'సమతూక కాలం' అని పిలవవచ్చు. ఇక్కడ అది 20ని 1.4తో భాగించగా వచ్చిన 14.3 గంటలు. అంతకు లోపు ప్రయాణాలలో అధిక ఇంధనం తాగే ఇంజినే మొత్తం మీద తేలిక. అంతకు మించితే పొదుపైన ఇంజినే తేలిక.

ఈ గణనకు మూడు హద్దులు ఉన్నాయి. ఒకటి, సమతూక కాలం బరువుకు సంబంధించినదే గాని డబ్బుకు సంబంధించినది కాదు. 4 గంటల ప్రయాణంలో రోటరీ 14 కిలోలు తేలిక అయినా 5.6 కిలోలు, అంటే దాదాపు ఏడున్నర లీటర్లు, ఎక్కువ ఇంధనం తాగుతుంది. ఏడాదికి 100 సార్లు ఎగిరితే అది 750 లీటర్లు. రెండు, తేలికైన విమానానికి కావలసిన సామర్థ్యం కూడా కొంత తగ్గుతుంది. 400 కిలోల విమానంలో 14 కిలోలు తగ్గితే కలిగే ఆదా మహా అయితే 5 శాతం. దక్షతలోని తేడా అంతకంటే చాలా ఎక్కువ కనుక ఈ ఆదా దానిని పూడ్చలేదు. మూడు, ఫలితమంతా బరువుల తేడా మీద ఆధారపడి ఉంది. ఆ తేడా లేకపోతే సమతూక కాలం సున్నా. తరువాతి విభాగంలోని స్వయంనిర్మిత విమానాల అనుభవం దీనికి ఉదాహరణ.

7. స్వయంనిర్మిత విమానాలలో రోటరీ

అమెరికాలో ఔత్సాహికులు తమ గ్యారేజీలలో విమానాలు నిర్మించుకొనే సంప్రదాయం 1950ల నుంచి వ్యవస్థీకృతమైంది. వారిలో కొందరు ధర ఎక్కువైన లైకమింగ్ విమాన ఇంజిన్లకు బదులుగా పాత కార్ల నుంచి తీసిన మాజ్డా 13బి ఇంజిన్లను అమర్చుకున్నారు.

విడిగా చూస్తే 13బి చిన్నది, తేలికైనది. విమానంలో అమర్చేసరికి లెక్క మారుతుంది. అది నిమిషానికి 6000 చుట్ల దగ్గర తిరిగితేనే తగినంత సామర్థ్యం ఇస్తుంది. ప్రొపెల్లర్‌కు 2500 దరిదాపుల వేగమే కావాలి. కనుక వేగాన్ని తగ్గించే గేరు పెట్టె కావాలి. గాలితో చల్లబడే లైకమింగ్‌కు అక్కరలేని రేడియేటర్, అందులోని నీరు, పెద్ద నూనె చల్లార్పరి, గొట్టాలు కావాలి. వేడెక్కిన పొగను తట్టుకొనే బలమైన సైలెన్సర్ కావాలి. ఇవన్నీ కలిపితే మొత్తం బరువు అదే సామర్థ్యం గల లైకమింగ్ అమరికకు దాదాపు సమానమవుతుంది. బరువులో తేడా లేనప్పుడు సమతూక కాలం అనే ప్రశ్నే లేదు. ఇంధనం విషయంలో రోటరీ మొదటి గంట నుంచే వెనుకబడి ఉంటుంది.

అయినా వారు దానిని ఎంచుకోవడానికి కారణాలు ఇతరమైనవి. కొనుగోలు, మరమ్మతుల ఖర్చు తక్కువ. ప్రకంపనలు తక్కువ. విరిగిపడే కవాటాలు, కనెక్టింగ్ రాడ్లు లేవు. ఒక సీలు పాడైనా ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోకుండా సామర్థ్యం తగ్గి నడిచే అవకాశం ఎక్కువ. తక్కువ ఆక్టేన్ గల మామూలు పెట్రోలుతో నడుస్తుంది. ఈ చివరి అంశం మన దేశంలో ఇంకా ముఖ్యం. పిస్టన్ విమానాలు వాడే సీసం కలిసిన విమాన పెట్రోలును భారతదేశం చాలాకాలం దిగుమతి చేసుకుంది. ఇండియన్ ఆయిల్ సంస్థ స్వదేశీ విమాన పెట్రోలును 2022 సెప్టెంబరులో విడుదల చేసింది. అంటే లీటర్లలో ఓడిన ఇంజిన్ రూపాయలలో గెలవడం సాధ్యమే. 'ఇంధన దక్షత', 'ఇంధన వ్యయం' అనే రెండు ప్రశ్నలను కలిపివేయకూడదు.

8. మన గడ్డకు చేరువలో: నిశాంత్, రుస్తుం, హెర్మిస్

స్వయంనిర్మిత విమానాల చరిత్రకూ భారత మానవరహిత విమానాలకూ నేరుగా ఒక బంధం ఉంది. బర్ట్ రుటాన్ రూపొందించిన లాంగ్-ఈజీ ఔత్సాహికులు ఇంటి వద్ద నిర్మించుకొనే విమానం. దాని ఆధారంగా బెంగళూరులోని జాతీయ ఏరోస్పేస్ ప్రయోగశాలలో ఆచార్య రుస్తుం దమానియా బృందం 1980లలో ఒక తేలికపాటి పరిశోధన విమానాన్ని నిర్మించింది. దాని నుంచి వికసించినదే ఆయన పేరు ధరించిన రుస్తుం-1 మానవరహిత విమానం. తెలుగువారు గణనీయంగా నివసించే హోసూరు వద్ద అది 2010 అక్టోబరులో విజయవంతంగా ఎగిరింది. పన్నెండు గంటలకు పైగా గాలిలో నిలవాలనే లక్ష్యంతో రూపొందిన ఆ విమానానికి ఎంచుకున్నది లైకమింగ్ పిస్టన్ ఇంజిన్.

నిశాంత్ కథ వేరు. సుమారు 380 కిలోల ఈ విమానం రన్‌వే మీద పరుగెత్తదు. వాహనంపై అమర్చిన పట్టాల మీది నుంచి దానిని విసురుతారు. తిరిగి పారాచూట్‌తో దిగుతుంది. గాలిలో నిలిచే కాలం నాలుగున్నర గంటలు. విసరవలసిన బరువు ఎంత తగ్గితే అంత మేలు కనుక దీనికి వాంకెల్ ఇంజిన్ సహజమైన ఎంపిక. మొదట దిగుమతి చేసుకున్న ఇంజిన్ స్థానంలో జాతీయ ఏరోస్పేస్ ప్రయోగశాల, అహ్మద్‌నగర్‌లోని వాహన పరిశోధన సంస్థ, బెంగళూరులోని వైమానిక అభివృద్ధి సంస్థ కలిసి 55 హార్స్‌పవర్ స్వదేశీ వాంకెల్ ఇంజిన్‌ను రూపొందించాయి. దాని బరువు సుమారు 30 కిలోలు. తెలుగు విస్తారంగా మాట్లాడే కోలారు సమీపంలోని విమాన క్షేత్రం నుంచి 2009లో ఆ ఇంజిన్‌తో నిశాంత్ ఎగిరి, 1.8 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, 35 నిమిషాలు ప్రయాణించింది.

మూడవ నిదర్శనం ఒకే కుటుంబానికి చెందిన రెండు విమానాలు. ఇజ్రాయెల్‌కు చెందిన హెర్మిస్ 450లో 52 హార్స్‌పవర్ వాంకెల్ ఇంజిన్ ఉంది. అది సుమారు 17 గంటలు ఎగరగలదు. దాని తరువాతిదైన హెర్మిస్ 900కు వచ్చేసరికి తయారీదారులు టర్బోచార్జర్ గల రొటాక్స్ 914 పిస్టన్ ఇంజిన్‌కు మారారు. దాని ఆధారంగా హైదరాబాద్‌లో తయారైన దృష్టి-10 స్టార్‌లైనర్ 2024 జనవరిలో భారత నౌకాదళానికి అందింది. దాని ప్రకటిత గగనవిహార కాలం 36 గంటలు. ఈ మార్పుకు అధిక సామర్థ్యం, అధిక ఎత్తు వంటి అవసరాలూ తోడై ఉంటాయి. అయినప్పటికీ నాలుగున్నర గంటల నిశాంత్‌లో రోటరీ, 17 గంటల హెర్మిస్ 450లో రోటరీ, 36 గంటల దృష్టిలో పిస్టన్ అనే క్రమం సమతూక కాలం సూచించిన దిశలోనే ఉండటం గమనార్హం.

9. కృష్ణా డెల్టాకు అన్వయం

విజయవాడ నుంచి కృష్ణ సాగరంలో కలిసే హంసలదీవి ప్రాంతానికి నేరుగా దూరం 80 కిలోమీటర్ల లోపే. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోయే మానవరహిత విమానం వెళ్ళిరావడానికి గంటా ఇరవై నిమిషాలు తీసుకుంటుంది. దివిసీమ మీద, కరకట్టల వెంట రెండు గంటలు పరిశీలించినా మొత్తం నాలుగు గంటలకు మించదు. ఈ పనికి రోటరీ ఇంజిన్ ఇంధనం ఎక్కువ తాగినా బరువులో లాభమే మిగులుతుంది. రన్‌వేలు నీట మునిగినప్పుడు వాహనం మీది నుంచి విసరగలిగిన విమానానికి ఆ లాభం మరింత విలువైనది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన వంటి విపత్తు రాకముందే బంగాళాఖాతంపై రాత్రింబవళ్ళు నిఘా వేయడం మరొక పని. అక్కడ కావలసినది పిస్టన్ ఇంజినే. ఒకే డెల్టాలో రెండు పనులకు రెండు వేర్వేరు సమాధానాలు రావడం సహజం.

స్థానిక పరిస్థితులలో రెండింటిని పరిశోధకులు ప్రత్యేకంగా గమనించాలి. మొదటిది వేడి. మే నెలలో విజయవాడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. ప్రామాణిక 15 డిగ్రీలతో పోలిస్తే అప్పుడు గాలి సాంద్రత 9 శాతానికి పైగా తగ్గుతుంది. టర్బోచార్జర్ లేని ఏ ఇంజిన్ సామర్థ్యమైనా దాదాపు అదే నిష్పత్తిలో పడిపోతుంది. రోటరీకి అదనపు ఇబ్బంది రేడియేటర్‌తో వస్తుంది. నీరు 95 డిగ్రీల వద్ద ఉంటే చల్లబరిచే తేడా 15 డిగ్రీల గాలికి 80, 45 డిగ్రీల గాలికి 50. అదే వేడిని వదలడానికి 1.6 రెట్లు ఎక్కువ శీతలీకరణ కావాలి. పెద్ద రేడియేటర్ గాలి నిరోధాన్ని పెంచుతుంది. ఆ నిరోధాన్ని అధిగమించడానికి మళ్ళీ ఇంధనమే కావాలి. చల్లని దేశాలలో కొలిచిన దక్షతను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోకూడదు.

రెండవది ఇథనాల్. బంకులలో నేడు లభించేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ కెలోరిఫిక్ విలువ కిలోకు సుమారు 27 మెగాజౌళ్ళే కనుక ఈ మిశ్రమం విలువ కిలోకు సుమారు 40 మెగాజౌళ్ళకు పడిపోతుంది. అంటే దక్షత ఏ మాత్రం మారని ఇంజిన్ కూడా 270కి బదులు 294 గ్రాములు చూపుతుంది. ప్రయోగశాలలో బంకు పెట్రోలుతో కొలిచి, విమాన పెట్రోలుతో కొలిచిన విదేశీ ఫలితాలతో పోల్చితే ఇంధనం వల్ల వచ్చిన 8 శాతాన్ని ఇంజిన్ లోపంగా నమోదు చేసే ప్రమాదం ఉంది. రోటరీకీ పిస్టన్‌కూ మధ్య తేడాయే 10 నుంచి 25 శాతం అయినప్పుడు ఇది చిన్న దోషం కాదు. ఫలితాలను గ్రాములలో కాక, ఒక కిలోవాట్ గంటకు ఎన్ని మెగాజౌళ్ళు అనే రూపంలో ప్రకటిస్తే ఈ చిక్కు తొలగిపోతుంది. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. సముద్రతీరపు గాలిలో నిలవ ఉంచిన ఇంధనంలో నీరు వేరుపడితే ఆకాశంలో ఇంజిన్ ఆగిపోవచ్చు. కనుక ఇది దక్షతకే గాక భద్రతకూ సంబంధించిన విషయం.

10. ముగింపు

రోటరీ ఇంజిన్ ఉష్ణయంత్రంగా పిస్టన్ ఇంజిన్ కంటే తక్కువ దక్షత గలది. దీనికి కారణం దాని దహన గది ఆకృతిలోనూ సీళ్ళ అమరికలోనూ ఉంది. విమానాన్ని మొత్తంగా చూసినప్పుడు మాత్రం ఆ నష్టం గంటగంటకూ పెరుగుతూ పోయేది, తేలికదనం వల్ల కలిగే లాభం మొదటి క్షణంలోనే లభించేది. ఈ రెండూ సమానమయ్యే కాలాన్ని లెక్కించకుండా ఒక ఇంజిన్‌ను మంచిదనో చెడ్డదనో నిర్ణయించడం సరికాదు. స్వయంనిర్మిత విమానాలలో అనుబంధాల బరువు వల్ల ఆ లాభం దాదాపు శూన్యం. పట్టాల మీది నుంచి విసిరే చిన్న మానవరహిత విమానాలలో అది గణనీయం. దీర్ఘకాల నిఘా విమానాలలో అది మళ్ళీ కరిగిపోతుంది.

డ్రోన్ల నియమావళి, 2021 ప్రకారం 150 కిలోలు దాటినవి పెద్ద తరగతిలోకి వస్తాయి. కృష్ణా డెల్టా అవసరాలకు ఆ తరగతి విమానాలను కొనుగోలు చేసే అధికారులూ, వాటిపై పరిశోధన చేసే విద్యార్థులూ ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఎన్ని గంటలు ఎగరాలన్నది. ఆ తరువాత అన్ని అనుబంధాలతో కలిపి తూచిన ఇంజిన్ బరువు, 45 డిగ్రీల వేడిలో స్థానిక ఇంధనంతో కొలిచిన వినియోగం అనే రెండు అంకెలు చేతిలో ఉంటే సమాధానం ఒక భాగహారంతో తేలుతుంది. మన కళాశాలల ఇంజిన్ ప్రయోగశాలలలో ఈ రెండవ అంకెను కొలవడం సాధ్యమే. ఆ కొలతలు లభ్యమైతే ఈ వ్యాసంలోని ఊహాత్మక గణన స్థానంలో డెల్టాకు సరిపోయే వాస్తవ గణనను నిలపవచ్చు.